వైద్యుని దండము - దానిని చుట్టిన సర్పము

వైద్యశాల ముఖద్వారం మీద, మందుల చీటీ తలకట్టున, వైద్య కళాశాలల పతాకాలపైన మనకు తరచుగా ఒక చిహ్నం కనబడుతూ ఉంటుంది. నిలువుగా ఒక కర్ర; దానిని చుట్టుకొని పైకి పాకుతున్న ఒక పాము. అక్షరజ్ఞానం లేనివారు సైతం దానిని చూడగానే అది వైద్యానికి సంబంధించిన స్థలమని గ్రహిస్తారు. కాని ఒక్క క్షణం ఆలోచించినచో ఇందులో ఒక వైచిత్రి గోచరిస్తుంది. పాము పేరు వింటేనే ఉలిక్కిపడేవాడు మానవుడు. అటువంటి జీవిని ప్రాణరక్షణ చేసే శాస్త్రానికి గుర్తుగా ఎవరు ఎన్నుకొన్నారు? ఎందుకు ఎన్నుకొన్నారు?

ఈ ప్రశ్న కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. నేడు ప్రపంచంలో వైద్య చిహ్నమనే పేరుతో రెండు బొమ్మలు చెలామణి అవుతున్నవి. ఒకదానిలో కర్ర ఒకటే, పాము ఒకటే. రెండవ దానిలో పాములు రెండు, కర్ర తలపైన రెక్కలు. చూపరులకు ఈ భేదం అల్పంగా తోచవచ్చును. కాని మొదటిది వైద్యునిది, రెండవది వర్తకునిది. వైద్యవృత్తిలో గాని, ఔషధశాస్త్రంలో గాని ప్రవేశింపగోరే మన విద్యార్థులు ఈ భేదాన్ని తెలిసికొనుట ఎంతైనా అవసరం.

అస్క్లీపియస్ కథ

ఏకసర్ప దండం గ్రీకు దేశానిది. దానిని చేతబట్టిన వాని పేరు అస్క్లీపియస్. హోమరు మహాకవి రచించిన ఇలియడ్ కావ్యంలో ఈయన దేవుడు కాడు. థెస్సలీ ప్రాంతానికి చెందిన నిష్కళంకుడైన వైద్యుడు. ఆయన కుమారులైన మకయాన్, పొదలీరియస్ అనువారు ట్రాయ్ యుద్ధానికి వెళ్లి క్షతగాత్రులైన వీరులకు చికిత్స చేసినారు. తరువాతి తరాల వారు అస్క్లీపియసును అపోలో దేవుని కుమారునిగా భావించి, క్రమంగా దేవతల సరసన నిలిపినారు. నడుము పైభాగం మనిషిగా, దిగువ భాగం గుర్రంగా ఉండే కైరాన్ అనే గురువు వద్ద ఆయన మూలికల గుణాలను, శస్త్రవిద్యను అభ్యసించినాడని కథ.

ఆయన మరణగాథ మరింత ఆలోచింపజేసేది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దికి చెందిన పిండారు అనే కవి ఆ గాథను ఇట్లు చెప్పినాడు. అస్క్లీపియస్ ఎందరి వ్యాధులనో నయం చేసినాడు. కాని ఒకనాడు ఎవరో చేతినిండా బంగారం చూపగా దానికి లోబడి, మరణించిన మనిషిని బ్రతికించబోయినాడు. దేవతల ప్రభువైన జ్యూస్ ఆగ్రహించి పిడుగుతో ఆయనను సంహరించినాడు.

ఈ కథను విమర్శించినవాడు సామాన్యుడు కాడు. ఉర్దూలో మనం అఫ్లాతూన్ అని పిలిచే ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథంలో ఈ గాథను ఎత్తుకొని తర్కించినాడు. అస్క్లీపియస్ దైవకుమారుడే అయితే ధనాశకు లోబడి ఉండడు. ధనాశకు లోబడినవాడే అయితే దైవకుమారుడు కాజాలడు. రెండూ ఒకేసారి నిజం కావడం అసంభవమని ఆయన వాదన. వైద్యుడు, ధనము అనే సమస్య ఈనాటిది కాదనీ, సుమారు రెండువేల నాలుగువందల సంవత్సరాల నాడే మహామేధావులు దానిని చర్చించినారనీ దీనివలన మనకు బోధపడుతున్నది.

స్వప్నచికిత్స

అస్క్లీపియస్ ఆలయాలు గ్రీకు ప్రపంచమంతటా వెలసినవి. వానిలో ఎపిడారస్ ఆలయం సుప్రసిద్ధమైనది. రోగులు అక్కడికి వచ్చి, స్నానం చేసి, మొక్కుబడులు చెల్లించి, రాత్రివేళ ఒక ప్రత్యేక మందిరంలో నిద్రించేవారు. కలలో దేవుడు కనబడి చికిత్స చేస్తాడని, లేదా చేయవలసిన చికిత్స చెబుతాడని వారి విశ్వాసం. విషం లేని పాములు ఆ ఆలయ ప్రాంగణంలో స్వేచ్ఛగా సంచరించేవి. దక్షిణ ఐరోపాలో నివసించే, చెట్లెక్కగల ఒక విషరహిత సర్పానికి జంతుశాస్త్రజ్ఞులు నేటికీ అస్క్లీపియస్ పేరే పెట్టి పిలుస్తున్నారు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఎపిడారస్ ఆలయంలో చెక్కించిన శిలాఫలకాలు కొన్ని నేటికీ లభ్యమవుతున్నవి. వానిలో సుమారు 70 చికిత్సల వృత్తాంతాలు ఉన్నవి. కాలివేలిపై మానని పుండుతో బాధపడుతున్న ఒకనిని సేవకులు మోసికొని వచ్చి ఆలయం బయట కూర్చుండబెట్టినారట. అతడు నిద్రపోగా ఒక పాము వచ్చి ఆ పుండును నాలుకతో నాకి వెళ్లినదట. మేల్కొన్న రోగి, తనకు కలలో ఒక సుందరయువకుడు కనబడి మందు పూసినాడని చెప్పినాడట.

మరొక శాసనంలో యూఫానీస్ అనే బాలుడు కలడు. అతనికి మూత్రాశయంలో రాళ్లు. నీ వ్యాధి నయం చేసినచో నాకేమి ఇస్తావని దేవుడు కలలో అడిగినాడు. అచ్చనగాయల వలె ఆడుకొనే తన ఎముక పిక్కలు పది ఇస్తానని బాలుడు బదులు చెప్పినాడు. దేవుడు నవ్వి సరేనన్నాడు. తెల్లవారేసరికి బాలుడు ఆరోగ్యంతో బయటికి వచ్చినాడు. ఇందులో చరిత్ర ఎంత, విశ్వాసం ఎంత అనే విచారణ అటుంచుదాం. వైద్యుడు రోగి శక్తికి మించి అడుగరాదనే ఆదర్శం ఆ కాలపు ప్రజల మనసులలో ఉండినదని మాత్రం ఈ శాసనం చాటుతున్నది. బంగారానికి లోబడిన అస్క్లీపియస్ కథ ఒకవైపు, పది పిక్కలకు సంతోషించిన అస్క్లీపియస్ కథ మరొకవైపు! ఏది అనుసరణీయమో వేరుగా చెప్పనక్కరలేదు.

క్రీస్తుపూర్వం 293లో రోము నగరంలో అంటువ్యాధి ప్రబలినప్పుడు అక్కడివారు ఎపిడారస్ ఆలయానికి దూతలను పంపినారు. ఆలయంలోని పాము తనంతట తానే వారి ఓడనెక్కి, రోము చేరగానే టైబరు నదిలోని ద్వీపానికి ఈదుకొని పోయినదని ఐతిహ్యం. క్రీస్తుపూర్వం 291లో ఆ ద్వీపంలో ఆలయం వెలసినది. 1585లో క్రైస్తవ సన్యాసులు అదే ద్వీపంలో స్థాపించిన వైద్యశాల నేటికీ నడుస్తున్నది. మతాలు మారినవి, భాషలు మారినవి, రాజ్యాలు పోయినవి. ఆ ద్వీపంలో రోగికి చోటు మాత్రం పోలేదు.

గ్రీసు నుండి బాగ్దాదుకు

పాముకూ కర్రకూ అర్థమేమిటి? ఈ ప్రశ్నకు లభించిన ప్రాచీన సమాధానాలలో మిక్కిలి విపులమైనది మనకు అరబ్బీ భాషలో దక్కినది. ఈ సంగతి మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా ఆనందం కలిగించగలదు.

క్రీ.శ. 129లో జన్మించిన గాలెన్ అనే మహావైద్యుడు - ఉర్దూలో జాలీనూస్ - అస్క్లీపియస్ ఆలయానికి ప్రసిద్ధమైన పెర్గమం నగరవాసి. వైద్య ప్రతిజ్ఞపై ఆయన రచించినదిగా చెప్పబడే ఒక వ్యాఖ్య గ్రీకు భాషలో నశించినది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన శిష్యులు గాలెన్ గ్రంథాలను పెక్కింటిని సిరియాక్, అరబ్బీ భాషలలోనికి అనువదించినారు. హునైన్ స్వయంగా క్రైస్తవుడు. ఆయనను పోషించినవారు ముస్లిం ఖలీఫాలు. అనువదింపబడినవి గ్రీకుల గ్రంథాలు. విద్యకు మతభేదం లేదనుటకు ఇంతకన్న నిదర్శనం వేరొకటి కావలెనా? అట్లు రక్షింపబడిన ఆ వ్యాఖ్యలోని భాగాలను, 1270లో మరణించిన ఇబ్న్ అబీ ఉసైబియా అనే వైద్యుడు తాను రచించిన వైద్యుల చరిత్రలో పొందుపరచినాడు.

ఆ వ్యాఖ్య సారాంశం ఇది. కర్ర సాఫీగా ఉండక కణుపులతో, వంకరలతో ఉంటుంది. వైద్యశాస్త్రంలో శాఖలు అనేకమనీ, దాని మార్గం సూటియైనది కాదనీ దాని భావం. ఆ కర్ర ఖత్మీ మొక్కది. దగ్గుకు కాచే జోషాందాలో ఖత్మీ గింజలు వాడడం మన హకీములకు నేటికీ తెలిసినదే. ఖత్మీ తీవ్రత లేని సౌమ్యమైన ఔషధం. కనుక వైద్యుని చేతిలోని ఆయుధం మితమైనదిగా ఉండవలెనని సూచన. ఇక పాము చూపు తీక్ష్ణమైనది. అది ఎన్నడూ నిద్రింపదని ప్రాచీనుల నమ్మకం. వైద్యుడు కూడ అట్లే తీక్ష్ణదృష్టితో, ఏమరుపాటు లేక మెలకువతో ఉండవలెను. పాము కుబుసం విడిచి కొత్త చర్మంతో వెలువడినట్లు, రోగి వ్యాధిని విడిచి నూతన జీవం పొందవలెను.

అరబ్బీ పండితులు అస్క్లీపియసును దేవునిగా స్వీకరింపలేదు. వైద్యవిద్యకు ఆద్యుడైన ప్రాచీనునిగా గౌరవించినారు. హిపోక్రటీస్ ప్రతిజ్ఞ గ్రీకు దేవతల పేర్లతో ప్రారంభమవుతుంది. దాని అరబ్బీ రూపంలో జీవన్మరణాలకు ప్రభువైన అల్లాహ్ పేరు ముందు నిలిచినది. గ్రీకు దేవతల స్థానంలో వలీల ప్రస్తావన వచ్చినది. అస్క్లీపియస్ పేరు మాత్రం అట్లే ఉండిపోయినది. ఈ విధంగా సాగి వచ్చిన వైద్యధారనే మనం యునానీ అంటున్నాము. యునానీ అనగా గ్రీకు దేశమైన యూనానుకు చెందినదని అర్థం. హైదరాబాదులో చార్మినారు చెంతనున్న నిజామియా తిబ్బీ కళాశాల ఈ పరంపరకు మన ప్రాంతంలోని ప్రత్యక్ష వారసురాలు.

విషమే ఔషధము

కుబుసం గురించిన వివరణ అందమైనదే. అయినను పాములో మానవుని ఆకర్షించినదీ, భయపెట్టినదీ దాని విషం. గ్రీకు భాషలో మందుకూ విషానికీ ఫార్మకాన్ అనే మాట ఒక్కటే. ఫార్మసీ అనే పదం దానినుండి పుట్టినదే. ఏది మందు, ఏది విషం అనునది పదార్థంలో మాత్రమే లేదు; మోతాదులో ఉన్నది, ఇచ్చే చేతిలో ఉన్నది.

ప్రాచీన వైద్యులు పాము మాంసం కలిపి ఒక విరుగుడు మందు తయారు చేసేవారు. దాని పేరే అరబ్బీలో తిర్యాక్ అయినది. ఆ మందు కాలగర్భంలో కలిసిపోయినది గాని, విషం నుండి విరుగుడు తీయవలెనన్న ఆలోచన శాస్త్రరూపం ధరించి నిలిచినది. 1890ల దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ మొదలైనవారు జంతువులకు పాము విషాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించి, వాని రక్తంనుండి విరుగుడు తీయవచ్చునని నిరూపించినారు. మన దేశంలో నేడు వాడే పాముకాటు మందు కూడ గుర్రాల రక్తంనుండి ఆ పద్ధతిలోనే తయారవుతున్నది. నాగుపాము, కట్లపాము, పింజరి జాతికి చెందిన రెండు సర్పాలు - ఈ నాలుగింటి విషానికి అది విరుగుడు. బ్రెజిలు దేశపు జరరాకా అనే పాము కరచినప్పుడు రక్తపోటు హఠాత్తుగా పడిపోతుంది. ఆ విషాన్ని పరిశోధించగా లభించిన జ్ఞానంతో రూపొందిన కాప్టోప్రిల్ అనే రక్తపోటు మందు 1981లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది.

ఈ శాస్త్రచరిత్రలో తెలుగుదేశానికి కూడ ఒక చోటు కలదు. సిరియాలోని అలెప్పోలో వైద్యునిగా పనిచేసిన పాట్రిక్ రసెల్ 18వ శతాబ్ది చివరిభాగంలో విశాఖపట్టణం వచ్చి, కోరమాండల్ తీరపు సర్పాలను సేకరించి, 1796లో ఒక గొప్ప సచిత్ర గ్రంథం ప్రచురించినాడు. ఏ పాము విషం గలది, ఏది లేనిది అని నిర్ణయించుటయే ఆయన ముఖ్యోద్దేశం. పాములకు ఆయన మన ప్రజల వాడుక పేర్లనే వ్రాసికొన్నాడు. ‘కాటుక రేకుల పొడ’ అని ఆయన నమోదు చేసిన సర్పమే నేడు ఆయన పేరుతో ప్రపంచప్రసిద్ధమైన రసెల్ పింజరి. పాముకాటుకు ప్రజలు నమ్ముతున్న మందులను ఆయన గుడ్డిగా అంగీకరింపలేదు, గుడ్డిగా త్రోసిపుచ్చలేదు. జంతువులపై ప్రయోగించి పరీక్షించినాడు. పాము కరచిన వానిని మంత్రాల పేరిట జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెనని నేడు మనం చెప్పే హితవుకు వెనుక ఇటువంటి పరీక్షల చరిత్ర ఉన్నది.

నారికురుపు - ఒక ఊహ

చిహ్నంలో ఉన్నది అసలు పామే కాదని కొందరి అభిప్రాయం. రాయలసీమలో, తెలంగాణలో పెద్దలకు నారికురుపు అనే వ్యాధి జ్ఞాపకం ఉండవచ్చును. కలుషితమైన నీటి ద్వారా శరీరంలో ప్రవేశించిన సూక్ష్మక్రిమి ఏడాది గడిచేసరికి మూరెడు, రెండు మూరల పొడవు పెరిగి, సామాన్యంగా కాలిలోనుండి చర్మం చీల్చుకొని బయటపడుతుంది. దానిని తెగకుండా ఒక చిన్న పుల్లకు చుట్టి, దినానికి కొంచెం చొప్పున ఓర్పుతో బయటికి లాగడమే ప్రాచీనకాలం నుండి తెలిసిన చికిత్స. అరబ్బీ వైద్యులు దీనిని ఇర్క్ మదనీ అన్నారు. ఇబ్న్ సీనా తన ఖానూన్ గ్రంథంలో దీనిని వర్ణించినాడు. పుల్లకు చుట్టిన ఆ పురుగే కర్రకు చుట్టిన పాముగా మారినదని ఊహ. ఇది ఊహయే గాని నిరూపితం కాదు. గ్రీకు శిల్పాలలో పాము స్పష్టంగా పామే.

అయినను ఈ వ్యాధి కథలో ఒక పాఠం ఉన్నది. దీనికి టీకా లేదు, మందు లేదు. 1983-84లో మన దేశంలో నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైనది. దిగుడు బావులలోనికి జనం దిగకుండా చేయడం, త్రాగునీటిని గుడ్డతో వడగట్టడం, ఇంటింటికీ తిరిగి రోగులను గుర్తించడం - ఇవే సాధనాలు. 1996లో రాజస్థానులో చివరి కేసు నమోదైనది; 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఈ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించినది. అస్క్లీపియసుకు హైజియా అనే కుమార్తె కలదు. ఆమె పేరునుండే పరిశుభ్రతను తెలిపే హైజీన్ అనే మాట పుట్టినది. ఆమె చేతిలోని పాత్ర, దానిని చుట్టిన పాము ఔషధశాలల చిహ్నమైనవి. నారికురుపును ఓడించినది తండ్రి దండం కాదు, కుమార్తె పాత్రలోని శుభ్రమైన నీరు అని చెప్పవచ్చును.

రెండు పాములు, రెండు రెక్కలు

ఇక రెండవ బొమ్మ సంగతి. రెక్కలు, రెండు సర్పాలు గల దండం పేరు కాడ్యూసియస్. అది హెర్మీస్ అనే దేవునిది. రోమనులు ఆయననే మెర్క్యురీ అన్నారు. ఆయన దేవతల దూత, బాటసారుల రక్షకుడు, వర్తకుల ఇలవేల్పు. దొంగలు సైతం ఆయనను కొలిచేవారు. మరణించినవారి ఆత్మలను పరలోకానికి తోడ్కొనిపోవడం కూడ ఆయన పనియే! రోగిని బ్రతికించవలసిన చోట, మృతులకు దారి చూపేవాని దండం వ్రేలాడదీయడం ఎంత విపరీతమో పాఠకులే ఊహింపవచ్చును.

ఈ పొరపాటు ఎట్లు ప్రబలినది? ఐరోపాలో కొందరు గ్రంథ ప్రచురణకర్తలు కాడ్యూసియసును తమ ముద్రగా వాడినారు. వారిలో వైద్యగ్రంథాలు అచ్చువేసినవారూ ఉన్నారు. 1902లో అమెరికా సైనిక వైద్యదళం దీనిని తన చిహ్నంగా స్వీకరించినది. దూత అవధ్యుడు కనుక, యుద్ధంలో పాల్గొనని వైద్యునికి దూత దండం తగినదేనని దానిని సమర్థించినవారు లేకపోలేదు. ఆ వాదంలో కొంత న్యాయమున్నను, వైద్యునికీ ఆ దండానికీ పూర్వసంబంధం లేదన్న నిజం మారదు. అమెరికాలోని సంస్థల చిహ్నాలను పరిశీలించి వాల్టర్ ఫ్రీడ్లాండర్ 1992లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, వృత్తి సంఘాలలో 62 శాతం అస్క్లీపియస్ దండాన్ని వాడగా, వ్యాపార సంస్థలలో 76 శాతం కాడ్యూసియసును వాడుతున్నవి. వర్తకం తెలియకుండానే తన దేవుని దండాన్ని తాను గుర్తించుకొన్నదన్నమాట.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన చిహ్నంగా ఏకసర్ప దండాన్నే గ్రహించినది. మన భారత సైనిక వైద్యదళం చిహ్నంలోనూ ఉన్నది ఒక్క పామే.

మన కర్తవ్యము

వైద్యుడు జీవనోపాధికై ధనం స్వీకరించుట దోషం కాదు. మందుల అంగడి నడుపుట దోషం కాదు. కాని రోగి బేరమాడగల కొనుగోలుదారుడు కాడు. అతడు నొప్పితో, భయంతో, తన దేహాన్ని అన్యుని చేతికి అప్పగించి కన్నులు మూసికొనే మనిషి. ఎపిడారస్ మందిరంలో పాముల నడుమ నిద్రించిన రోగికీ, శస్త్రచికిత్స బల్లపై మత్తులో నిద్రించే రోగికీ ఆధారమైనది ఒక్కటే - తనకు హాని జరుగదన్న నమ్మకం. విషం కోరలలో దాచుకొని, కర్రను చుట్టుకొని, కాటు వేయక నిలిచిన ఆ పాము ఆ నమ్మకానికి రూపం. వైద్యుని చేతిలో హాని చేయగల శక్తి ఎల్లప్పుడూ ఉంటుంది. దానిని మితంలో ఉంచుకొనుటయే ఆ విద్య.

విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు చివరగా ఒక చిన్న సూచన. ప్రథమ చికిత్స పెట్టెకు గాని, వైద్య శిబిరం బోర్డుకు గాని చిహ్నం వ్రాయించవలసి వచ్చినప్పుడు చిత్రకారునికి ఒక్క పాము, రెక్కలు లేని కర్ర గీయుమని చెప్పవలెను. ఎర్ర శిలువను, ఎర్ర నెలవంకను మనం వాడరాదు. అవి యుద్ధరంగంలో సహాయకులను రక్షించే అంతర్జాతీయ చిహ్నాలు. వానిని అనుమతి లేక వాడుట 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం మన దేశంలో నేరం. చిత్రకారుడు అచ్చు పుస్తకం చూచి రెక్కలు కలిపినచో, వానిని చెరిపివేయించుటకు ఎంతో సమయం పట్టదు. ఎందుకు చెరిపించినారని అడిగినవారికి పది పిక్కలిచ్చిన బాలుని కథ చెప్పవచ్చును.